దేవుడి ట్రాక్టరుకూ పర్మిట్టు

సర్వేయరు సారు పోయారని ఆయన కోడలు ఫోన్ చేసినప్పుడు నేను క్వారీ గేటు దగ్గర ఒక టిప్పరు డ్రైవరుతో గొడవ పడుతున్నాను. లోడు మీద టార్పాలిన్ పట్ట కట్టకుండా బయల్దేరాడు. "ఇంత దూరానికి పట్టెందుకు మేడం" అని అతను, "దూరం సంగతి నాకొద్దు, ముందు కట్టు" అని నేను. మధ్యలో ఫోను. ఆ అమ్మాయి ఏడవకుండానే చెప్పింది. "మామయ్య తెల్లారి పోయినాడక్కా. కాఫీ అడిగినాడు. నేను తెచ్చేలోపల..." అంతే. ఫోన్ పెట్టేసి అట్లాగే నిలబడిపోయాను. డ్రైవరు నా మొహం చూసి, పైకెక్కి పట్ట కట్టుకున్నాడు.

ఆయన గురించి మీలో ఎక్కువమందికి తెలిసే అవకాశం లేదు. పేరు చెప్పినా గుర్తుపట్టరు. మా క్వారీలో కూడా ఆయన్ను ఎవరూ పేరుతో పిలవలేదు. సర్వేయరు సారు, అంతే. మర్రిపాడు మండలంలో మాది తెల్లరాయి క్వారీ. ఈ రాయి పిండి అయ్యి గాజు ఫ్యాక్టరీలకు పోతుంది, ఓడలెక్కి విదేశాలకూ పోతుంది. గుంత ఎంత లోతు తవ్వారు, ఎంత రాయి బయటికొచ్చింది అని కొలిచి పటం గీయడం ఆయన పని. గేటు దగ్గర కాటాలో ప్రతి బండినీ తూచి రాసుకోవడం, నెలాఖరున గనుల శాఖకు రిటర్ను పంపడం నా పని. ఎనిమిదేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండింటితో ఎనిమిదేళ్లు వేగిన మనిషి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సయించదు.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. ఉదయగిరిలో డిగ్రీ చదివి, కంప్యూటరు నేర్చుకుని, ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం దొరికిందని సంబరపడుతూ చేరాను. మొదటిరోజే సారు నా చేతికి టేపు కొస ఇచ్చి గుంతలోకి దిగమన్నారు. చెప్పులు జారి మోకాలు గీసుకుపోయింది. సాయంత్రం మా నాయన గొర్రెల్ని దొడ్లోకి తోలి, చేతికర్రతో నేరుగా క్వారీకే వచ్చాడు.

"మా పాప కంప్యూటరు పనికని వస్తే గుంతలో దింపుతా ఉండావంట, ఏంది సారూ ఇది?"

సారు టేపు తుడుచుకుంటూ నింపాదిగా చెప్పారు. "పైన కూర్చున్నోళ్ల చేత ఎవురైనా ఏదైనా రాయిస్తారయ్యా. గుంతలో దిగి చూసినోళ్ల చేత రాయించలేరు. నీ కూతురి మంచికే దింపినాను."

నాయన "అట్టయితే చెప్పులు మంచియి కొనుక్కోమే" అని నా మీద అరిచి వెళ్లిపోయాడు.

ఆత్మకూరు నుంచి పొద్దున వచ్చే మొదటి బస్సులో సారు దిగేవారు. స్టీలు క్యానులో మజ్జిగ, సంచిలో పుస్తకం, రెండు పెన్సిళ్లు. ఆఫీసులో ఆయనకొక కుర్చీ ఉండేది గానీ దాని మీద ఆయన సంచి కూర్చునేది, ఆయన కాదు. కొలతకు దిగే ముందు ఉదయగిరి కొండ వైపు తిరిగి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి చూసుకునేవారు. దండం పెడుతున్నారేమో అనుకున్నాను మొదట్లో. "దండమా పాడా! గుంత గట్లు నెలకోసారి జరగతా ఉంటాయి, పాతిన గుర్తురాళ్లు గూడా జరగతాయి. ఆ కొండ జరగదు. అందుకని అక్కడ్నుంచి మొదలుపెడతా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. పని దగ్గర సారుకు హాస్యం తక్కువ, తప్పు దొరికితే మాత్రం పిల్లాడిలా సంబరపడేవారు, అది తన తప్పయినా సరే.

ఆయనకొక విచిత్రమైన అలవాటు ఉండేది. నెలాఖరున రిటర్ను తయారయ్యాక, పంపేముందు, టిఫిన్ల వేళ గుంత గట్టు మీద నిలబడి పనివాళ్లందరికీ దాన్ని చదివి వినిపించేవారు. ఈ నెల ఇంత రాయి తీశాం, ఇంత అమ్మాం, ప్రభుత్వానికి ఇంత కట్టాం, కుప్పలో ఇంత మిగిలింది. ఇదంతా గట్టిగా, వార్తలు చదివినట్టు. ఒక పక్క పనివాళ్లు సద్ది తింటూ ఉంటే ఇంకో పక్క ఇది. ఏ చట్టంలోనూ అట్లా చదవమని లేదు. నాకు సిగ్గుగా ఉండేది. "వాళ్లకేం అర్థమవుతుంది సార్, ఎందుకీ తంతు?" అని ఒకసారి అడిగేశాను.

"వాళ్ల కోసం అని ఎవరు చెప్పినారు పాపా? నాకోసం. గొంతెత్తి చదవలేని కాగితం మీద సంతకం పెట్టగూడదు" అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా రాయి కొనే విదేశీ కంపెనీ ఒక ఏడాది లావుపాటి ఫారం పంపింది. ఖనిజం ఎక్కడ తీస్తున్నారు, క్వారీ మొదలైనప్పటి నుంచీ మొత్తం ఎంత తీశారు, ప్రభుత్వానికి ఏమి చెల్లించారు, చుట్టుపక్కల ఊళ్లకు ఏమి ఇచ్చారు, అన్నీ రాయాలి. రాసి దాచుకోవడం కాదు, అందరూ చూసేలా బయట పెట్టాలి. హైదరాబాదు నుంచి తనిఖీ మనుషులు వచ్చి, రాసింది నిజమా కాదా అని గుంత దిగి చూస్తారు. చమురు, గ్యాసు, గనుల కంపెనీలకు ప్రపంచమంతటా ఇదే పద్ధతి వస్తోందని ఫారం మొదటి పేజీలోనే ఉంది. లెక్క సరిపోకపోతే ఇక మీ రాయి కొనం అని చివరి పేజీలో ఉంది.

మా యజమాని క్వారీ పక్క ఊళ్లో పెద్ద రైతు. నలుగురు ఆయన మాట వింటారు. ఫారం తిరగేసి, "వీళ్లకి రాయి గావాల్నా, మన జాతకం గావాల్నా?" అన్నాడు. అన్నాడే గానీ భయపడ్డాడు. ఆ కంపెనీ కొనకపోతే క్వారీ మూతపడ్డట్టే. ఆ గుంతను నమ్ముకుని మూడు ఊళ్ల కుటుంబాలున్నాయి. వానలు లేని ఏడాది మా వైపు దున్నే మడకలు మూలన పడతాయి, అప్పుడు పొయ్యిలో పిల్లి లేచేది ఈ రాళ్ల వల్లే.

సారు మాత్రం ఆ ఫారం చూసి పండగ చేసుకున్నారు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. "ఇన్నాళ్లూ నేను గుంత కాడ చదివింది ఇప్పుడు ప్రపంచం ఇనాలంట పాపా!" అని మజ్జిగ క్యాను మూత నింపి నాకు అందించారు. ఆయన మజ్జిగ ఎవరికీ పొయ్యరు, అదే మొదటిసారి.

మూడు రోజులు గుంతంతా కొలిచాం. మొదటి పటం దగ్గర్నుంచి తీసి లెక్క కట్టాం. లెక్క కట్టాక ఆ సంబరం ఎగిరిపోయింది. గుంత పెద్దది, మా పుస్తకాలు చిన్నవి. పుస్తకాల్లో బయటికి పోయిందని రాసిన రాయి కంటే గుంతలోంచి పోయిన రాయి ఎక్కువ. మళ్లీ కొలిచాం. మళ్లీ అదే. మూడోసారి కొలిచేసరికి సారు రాత్రి నిద్ర మానేసినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాపా, నిజం చెప్పు. నువ్వు చూస్తుండగా ఏదైనా బండి రాయకుండా గేటు దాటిందా?"

నా వొళ్లు మండింది. "మా అమ్మ మీద ఒట్టు సార్. ఒక్క బండి దాటలేదు" అన్నాను. పూర్తి నమ్మకంతో అన్నాను. అది గుర్తుపెట్టుకోండి.

క్వారీలో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలైంది. యజమాని గుంతలో పని చేయించే మేస్త్రీని పిలిచి గద్దించాడు. మేస్త్రీ "నాకేం తెలుసు, కాటా కాడ ఆ పిల్లనడగండి" అని నా మీదికి తోశాడు. చివరకు యజమాని సారును పక్కకు పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"గుంత కొలత కొంచెం తగ్గించి రాయి సారూ. ఆ మూలల్లో ఎవురు దిగి చూస్తారు?"

"నేను చూసినాను గదయ్యా" అన్నారు సారు. ఆ రోజు యజమాని ఆయన్ను ఎప్పట్లా భోజనానికి కూడా పిలవలేదు.

నెలాఖరు వచ్చింది. ఇంత గందరగోళంలోనూ సారు అలవాటు మానలేదు. గట్టు మీద నిలబడి రిటర్ను చదివారు. చదివి, "గుంతకూ పుస్తకానికీ తేడా వస్తా ఉండాది. ఎక్కడ తప్పినామో మీకేమైనా తెలిస్తే చెప్పండి" అని కూడా అడిగారు. అందరూ సద్ది గిన్నెల్లోకి చూసుకుంటున్నారు. రాళ్లు ఏరే పనిలో ఒక ముసలి అవ్వ ఉండేది. చెవుడు ఉందని అందరం అనుకునేవాళ్లం. ఆమె చెయ్యి కడుక్కుని లేచింది.

"అంతా చదివినావు, ప్రెతి నెలా ఇంటా ఉండా. సోమారం దేవుడి ట్రాక్టరు మాత్రం చదవ్వేంది నాయనా?"

ఇది అర్థం కావాలంటే మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. కళ్లంలో ధాన్యం రాశి కొలిచేముందు మొదటి కొలత దేవుడికని పక్కన తీస్తారు. దాన్ని లెక్కలో పట్టరు, పడితే రాశి తరుగుతుందంటారు. మా గొర్రెల ఇళ్లలోనూ అంతే. దేవుడికి వదిలిన పొట్టేలు మందలోనే తిరుగుతుంది, కానీ ఎన్ని ఉన్నాయని అడిగితే నాయన దాన్ని వదిలేసే చెబుతాడు. అది దొంగలెక్క కాదు. ఆయన కంటికి అది మందలో లేదు. క్వారీ తెరిచినప్పుడు పనివాళ్లు ఆ పద్ధతే ఇక్కడికీ తెచ్చారు. ప్రతి సోమవారం మొదటి ట్రాక్టరు రాయి దేవుడిది. ఒకసారి గుడి ప్రహరీకి, ఒకసారి చర్చి అరుగుకు, ఒకసారి బడి దారికి, ఒకసారి గొర్రెల నీళ్లతొట్టికి. ఆ ట్రాక్టరు దాటేదాకా నేను రిజిస్టరు తెరిచేదాన్నే కాదు. తెరవకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. అన్నేళ్లుగా వారం వారం నా కళ్లముందు రాయకుండా ఒక బండి పోతూనే ఉంది, నేనేమో మా అమ్మ మీద ఒట్టు పెట్టాను.

గట్టు దిగగానే సారు దగ్గరికి పోయి భోరున ఏడ్చాను. ఆయన రాయి మీద కూర్చుని ఉన్నారు. పనివేళ ఆయన కూర్చోవడం అంతకుముందు నేను చూడలేదు.

"నువ్వు అబద్ధం చెప్పలేదు పాపా. చూడలేదు. అబద్ధమైతే పట్టుకోవచ్చు, ఇది దానికంటే కష్టం" అన్నారు. మళ్లీ తనే, "క్వారీ తెరిచిన రోజు మొదటి ట్రాక్టరుకు కొబ్బరికాయ కొట్టింది నేనే. సోమారం సోమారం దానికి దండం గూడా పెట్టినాను. నేను మాత్రం చూసినానా!" అన్నారు.

రాయి పోయిన దారి తెలిసిందని నేను ఊపిరి పీల్చుకున్నాను గానీ, కష్టం అప్పుడే మొదలైంది. ప్రతి లోడుకూ ప్రభుత్వ పర్మిట్టు చీటీ ఉండాలి, అది లేకుండా పోయిన రాయి అని రాస్తే గనుల శాఖ జరిమానా వేస్తుంది, పని ఆపుతుంది. ఊరి పెద్దలేమో దేవుడికిచ్చింది లెక్క రాస్తే అరిష్టమని కూర్చున్నారు. యజమానికి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. రాయి మీదనుంచి తీసి పారబోసే మట్టి ఉంటుంది కదా, ఆ తేడా అంతా మట్టి కింద చూపించేద్దాం, ఎవరికీ నొప్పి ఉండదు అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకూ ఆశ పుట్టింది. ఉద్యోగం పోతుందని భయం, ఊళ్లో నాయన తలెత్తుకోలేడని భయం. "సార్, మట్టని రాసేద్దాం సార్. దేవుడికి మాత్రం తెలీదా మనం దొంగలం కాదని?" అని బతిమాలాను.

ఎనిమిదేళ్లలో ఆయన నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే. "దేవుడికి మట్టి పోసినామని రాస్తావా పాపా? ఆ అవ్వ ముందర నిలబడి అది గొంతెత్తి చదువుతావా?" అన్నారు.

మర్నాడు ఆయన ఊళ్లోకి వెళ్లారు. గుడి దగ్గర పెద్దలందరూ ఉన్నారు. అవ్వ కూడా వచ్చి ఒక పక్కన కూర్చుంది. సారు ఉపన్యాసం ఇవ్వలేదు, ఆయనకు చేతకాదు. గుడి లోపల తిరుగుతున్న ఫ్యాను వైపు చెయ్యి చూపించారు.

"ఆ ఫ్యాను ఎవరిచ్చినారో నాకు తెలుసు. రెక్క రెక్కకూ పేరు రాసుండాది. తిరిగేటప్పుడు కనపడదని, ఆగినప్పుడైనా కనపడాలని రాయించినారు."

కొందరు నవ్వారు. ఇచ్చినాయన నవ్వలేదు.

"మన పెళ్లిళ్లలో చదివింపులు పుస్తకంలో రాస్తారా లేదా? మైకులో చదువుతారా లేదా? పెళ్లికొడుకుకు ఇచ్చింది మైకులో చదివితే గౌరవం, దేవుడికి ఇచ్చింది చదివితే అరిష్టమా? నేను రాయమంటా ఉండేది అప్పు గాదు సామీ, చదివింపు."

"జరిమానా ఏస్తే?" అని ఒకాయన అడిగాడు.

"ఏస్తారు" అన్నారు సారు. మెత్తగా చెప్పడానికి కూడా ప్రయత్నించలేదు. "పనీ ఆపుతారు కొన్నాళ్లు. మట్టని రాస్తే ఇప్పటికి బతుకుతాం. హైదరాబాదోళ్లు దిగి చూసి అబద్ధమని తేల్చితే మళ్లీ ఎప్పటికీ తెరవరు."

అవ్వే ముందు మాట్లాడింది. "రాయి నాయనా. మేము మోసింది గూడా ఆడ ఉండనీ. మట్టి మోసినట్టు ఎవురు పడతారు?" ఆ మాటతో సగం మంది మెత్తబడ్డారు. మిగతా సగం చివరిదాకా మెత్తబడలేదు, అదీ చెప్పాలి.

తర్వాత వారమంతా ఆయనా నేనూ టేపు పట్టుకుని ఊళ్లు తిరిగాం. గుడి ప్రహరీ కొలిచాం, చర్చి అరుగు కొలిచాం, బడి దారి, నీళ్లతొట్లు, సమాధుల చుట్టూ కట్టిన గోడ, ఏదీ వదల్లేదు. ఎండకు నా మొహం నల్లబడింది. కొలుస్తూ పోతే ఇంకో సంగతి బయటపడింది. మేస్త్రీ బావమరిది ఇంటికి తెల్లరాయి వసారా! దేవుడి ట్రాక్టరు వెనకాల అప్పుడప్పుడూ దేవుడి తమ్ముడి ట్రాక్టరు కూడా పోయిందన్న మాట. మేస్త్రీ భార్య ఆ ఇంటి వాకిట్లో నిలబడి "నీ టేపు తెగ! నీ చేతులు పడిపోను!" అని శాపనార్థాలు పెడుతుంటే, సారు "కొస గట్టిగా పట్టుకో పాపా, వదులైంది" అని నాకు చెప్పి వసారా కొలిచారు. అదీ రాశారు.

ఇంత చేసినా చివర్లో కొంచెం తేడా మిగిలింది. నేను దాన్ని ఎక్కడో ఒకచోట సర్దేయాలని చూశాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ గడిలో "తెలియలేదు" అని రాయించారు. "తెలియనిది తెలియదని రాస్తే అది గూడా లెక్కేలే" అన్నారు. లెక్కలో తేడా ఉంటే ఎందుకు వచ్చింది అని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. దాని కింద ఆయనే తన చేత్తో రాశారు. మొదటి లోడును అనుమతించింది సర్వేయరునైన నేను, ప్రతి వారం చూసి కూడా కొలతలోకి తీసుకోనిది నేను. కింద సంతకం. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. నేను కూడా రాస్తానంటే, "నీకు ఇంకా ముందుంది, రాసుకోడానికి చాలా తప్పులు దొరుకుతాయి" అన్నారు.

ఆయన చెప్పినట్టే జరిమానా పడింది, పని ఆగింది. కొన్ని వారాలు గేటుకు తాళం. ఆ రోజుల్లో జనం ఆయన్ను మాటలతో కుళ్లబొడిచారు. ఆత్మకూరు బస్టాండులో మా పనివాళ్లే ఆయన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆయన రిటైరైన రోజు క్వారీ మూసే ఉంది. దండ లేదు, శాలువా లేదు, టీ కూడా లేదు. తాళం వేసిన గేటు ముందు నిలబడి, తన టేపు నా చేతిలో పెట్టి బస్సెక్కారు. నేను ఆ రోజు యజమానిని తిట్టని తిట్టు లేదు, మనసులోనే అనుకోండి.

తనిఖీ మనుషులు వచ్చారు. గుంత దిగారు, గుడి ప్రహరీ చూశారు, వసారా కూడా చూశారు. పోతూ పోతూ వాళ్లలో పెద్దామె యజమానితో అన్న మాట నా చెవులతో విన్నాను. "అన్నీ సరిపోయిన రిపోర్టులు మాకు రోజూ వస్తాయండీ. తప్పు ఎక్కడుందో క్వారీవాళ్లే చూపించిన రిపోర్టు చూడ్డం ఇదే మొదటిసారి" అంది. కొనుగోలు ఆగలేదు. గేటు తెరిచారు. సోమవారం ట్రాక్టరు ఇప్పటికీ పోతోంది, పర్మిట్టుతో. యజమాని సారును ఎప్పటికీ పూర్తిగా క్షమించలేదనుకుంటాను, కానీ గేటు పక్కన పెద్ద బోర్డు మాత్రం పెట్టించాడు. తీసింది, కట్టింది, ఊరికిచ్చింది, అన్నీ తెలుగులో.

ఆ తర్వాత నెలకోసారి ఆత్మకూరు పోయి సారుకు రిటర్ను చదివి వినిపించేదాన్ని. కంటిచూపు మందగించి ఆయన చదవలేకపోయేవారు. మంచం మీద కళ్లు మూసుకుని వినేవారు. ఎక్కడో ఒక అంకె దగ్గర నాకే అనుమానం ఉంటే, "ఆడ గొంతు తగ్గింది. మళ్లీ చూడు" అనేవారు. ఒక్కసారి కూడా పొరబడలేదు. వాళ్లావిడ పప్పుచెక్కలు పెట్టి, "ఇంటికొచ్చి గూడా ఈ రాళ్లేనా మీకు?" అని ఇద్దరినీ కలిపి తిట్టేది. ఇప్పుడు ఎవరు చెబుతారు నా గొంతు ఎక్కడ తగ్గిందో? చాలా దిగులుగా ఉంది. దాన్ని ఎట్లా రాయాలో నాకు రాదు.

వాళ్లలో పూడ్చడమే ఆచారం. మట్టి మీద రాళ్లు పేర్చి చిన్న అరుగు కడతామని కర్మ రోజుకు ముందు వాళ్లబ్బాయి చెప్పాడు. ఆ మాట మా క్వారీ వాళ్ల చెవిన పడింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి క్వారీ గేటు దగ్గర ఒక ట్రాక్టరు నిలబడి ఉంది. నిండా తెల్లరాయి. ఒక్క రాయికి మరక లేదు, కడిగి మరీ ఎక్కించారు. ఏరి ఎక్కించింది మేస్త్రీ. అవును, ఆ మేస్త్రీయే.

"సారు కాడికి పోతా ఉండాది పాపా. దీన్ని మాత్రం రాయబాక. ఇదొక్కటి మన మనసులో ఉండనీ" అన్నాడు.

నా చెయ్యి రిజిస్టరు మీదే ఉంది. నాకూ అట్లాగే పంపించేయాలనిపించింది. ఆ రాళ్లకు అంకె వెయ్యాలంటే చెయ్యి రాలేదు. ఆయనకు కాకపోతే ఇంకెవరికి లెక్క లేకుండా ఇస్తాం? కళ్లనీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకుని, "కాటా ఎక్కించన్నా" అన్నాను.

మేస్త్రీ నన్ను ఒక్క నిమిషం చూశాడు. పోయి ట్రాక్టరును కాటా మీదికి తోలించాడు. తూకం వచ్చింది. పర్మిట్టు చీటీ కోసం కంప్యూటరు తెరిస్తే సర్వరు పనిచేయడం లేదు. మళ్లీ చూశాను, లేదు. అక్కడ ఆత్మకూరులో అరుగు కట్టే తాపీపని వాళ్లు రాయి కోసం ఎదురుచూస్తున్నారని వాళ్లబ్బాయి ఫోను. యజమానికి ఎవరో చెప్పినట్టున్నారు, ఆయనా ఫోన్ చేశాడు. "పంపించెయ్యమ్మా, నేను జూసుకుంటాలే. సారు కోసం గదా" అన్నాడు. "సారు కోసమే ఆపినాను అయ్యా" అన్నాను. "సరే, ఉండనీ" అన్నాడు.

బయటికొచ్చి మేస్త్రీకి చెప్పాను, ఎంతసేపు పడుతుందో తెలియదని. అతను ట్రాక్టరెక్కి తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. "చీటీ వచ్చిందాకా ఉంటాం పాపా. తొందరేముండాది" అన్నాడు. గుంతలోంచి ఒక్కొక్కరే పైకొచ్చారు. ఎండ ఎక్కింది. పోదామని ఎవరూ అనలేదు. ట్రాక్టరు చుట్టూ కింద కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక చీటీ వచ్చింది. పట్టుకుపోయి మేస్త్రీ చేతిలో పెట్టాను. డ్రైవరు ఇవ్వమని చెయ్యి చాచాడు. మేస్త్రీ ఇవ్వలేదు. లోడు మీదికెక్కి, రాళ్ల మధ్య కాళ్లు ఆనించి కూర్చున్నాడు. గాలి గట్టిగా వీస్తోంది. ట్రాక్టరు ఆత్మకూరు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ చీటీ మడత పడకుండా, ఎగిరిపోకుండా, రెండు చేతులతో రొమ్ముకు అదిమి పట్టుకుని కూర్చున్నాడు.